చెరకు కొన్న చేతికే ఓటు

తణుకులో ముళ్లపూడి హరిశ్చంద్రప్రసాద్ పేరెత్తితే ‘మాజీ ఎమ్మెల్యే’ అని మొదలుపెట్టేవాళ్లు అరుదు. షుగర్ ఫ్యాక్టరీ అంటారు, ఆస్పత్రి అంటారు, పాలిటెక్నిక్ అంటారు. కాస్త వయసు మళ్లినవాళ్లయితే ‘ఆంధ్రా బిర్లా’ అంటారు. 1955 నుంచి 1967 దాకా పన్నెండేళ్ల పాటు ఆయన తణుకు తరఫున శాసనసభలో కూర్చున్నారన్న సంగతి మాటల చివర్లో, గుర్తొస్తే వస్తుంది. లేకపోతే లేదు.

మన దగ్గర మామూలుగా జరిగేది దీనికి తలకిందులు. ఒక్కసారి గెలిచి ఐదేళ్లు తిరిగొచ్చినవారు కూడా జీవితాంతం మాజీ శాసనసభ్యులే. శుభలేఖల్లో అదే, శిలాఫలకాల మీద అదే, కారు అద్దం మీద అంటించుకునే స్టిక్కరూ అదే. వరుసగా రెండుసార్లు గెలిచిన మనిషికి ఆ బిరుదు అంటకుండా పోయిందంటే, అసెంబ్లీ బయట ఆయన చేసిన పని అంత పెద్దదన్నమాట. ఆ పని గురించి చాలామందే రాశారు. ఈ కథనానికి మాత్రం అందరూ దాటేసే ఆ పన్నెండేళ్లే కావాలి. ఎందుకంటే, మన రాజకీయాల్లో ఇప్పటికీ తేలని ప్రశ్న ఒకటి అక్కడుంది: పంట కొనేవాడు, ఆ పంట అమ్మేవాళ్లకు ప్రతినిధిగా ఉండొచ్చా?

వరి నేలలో చెరకు

హరిశ్చంద్రప్రసాద్ 1921 జూలై 28న పుట్టారు. భూములున్న కుటుంబం. ఆ తరంలో, ఆ జిల్లాలో, అలాంటి ఇంట పుట్టినవాళ్లు చేసే పని ఒకటే: శిస్తు, సాగు, కోర్టు వ్యవహారాలు చూసుకుంటూ పొలం మీద పొలం కొనడం. గోదావరి కాలువ కింద ఎకరం కొంటే తాతలు దిగొచ్చినా కదలని ఆస్తి. డబ్బును యంత్రాల్లో పెట్టడమంటే ఆ రోజుల్లో పెద్దలు ముఖం చిట్లించే సంగతి. అలాంటిచోట, స్వాతంత్య్రం నాలుగు రోజుల్లో రాబోతుండగా 1947 ఆగస్టు 11న, ‘ది ఆంధ్రా షుగర్స్ లిమిటెడ్’ నమోదైంది. ముళ్లపూడి, పెండ్యాల కుటుంబాలు కలిసి పెట్టిన కంపెనీ అది. దాని చిరునామా ఇప్పటికీ తణుకు వెంకటరాయపురమే.

ధవళేశ్వరం ఆనకట్ట కట్టాక విజ్జేశ్వరం దగ్గర మొదలయ్యే పడమటి డెల్టా కాలువల కింద అంతా వరే. తణుకు ప్రత్యేకత ఏమిటంటే అది అంచు మీద ఉంది. దక్షిణాన అత్తిలి, భీమవరం వైపు పల్లపు వరి నేలలు. ఉత్తరాన నల్లజర్ల వైపు వెళ్లేకొద్దీ నేల మెరకెక్కుతుంది. నీరు అందుతుంది, నిలవదు. చెరకుకు కావలసింది అలాంటి నేలే. బెల్లం వండటం అక్కడి రైతుకు కొత్త కాదు. కొత్తదల్లా, గానుగ దగ్గర తన చేతిలో ఉన్న పంట ఫ్యాక్టరీ గేటు దగ్గరకొచ్చేసరికి తన చేతిలోంచి జారిపోవడం.

ఇది చెరకు గురించి తెలియనివాళ్లకు కొంచెం విడమర్చి చెప్పాలి. వడ్లయితే ధర నచ్చకపోతే పురిలో పోసుకుని రెండు నెలలు ఆగొచ్చు. చెరకు ఆగదు. నరికిన క్షణం నుంచి బరువు తగ్గుతుంది, గడలోని పంచదార విరిగిపోతుంది. ఒక రోజులో మిల్లుకు చేరాలి. అందుకే ఫ్యాక్టరీవాళ్లు ఎవరి తోట ఎప్పుడు నరకాలో పర్మిట్లు ఇస్తారు. పర్మిట్ వస్తే కోత, రాకపోతే తోట ఎండుతున్నా చూస్తూ కూర్చోవాలి. ఏ రైతు తోట పక్వానికి వచ్చిన వారంలో పర్మిట్ పొందాడు, ఎవరిది వేసవి ముదిరేదాకా ఆగింది అన్నది ఊళ్లో పెద్ద చర్చ. కాటా దగ్గర బండ్ల వరుస, ఎద్దులకు వరిగడ్డి, బండి కిందే గోనెపట్టా వేసుకుని రాత్రంతా జాగారం, తెల్లారగట్ల తూకం చీటీ. ఆ చీటీ మీద అంకె రాసేది ఫ్యాక్టరీ గుమాస్తా. తూకం మీద అనుమానం ఉన్నా, చెరకు వెనక్కి తీసుకెళ్లి ఏం చేసుకుంటాడు? మొక్క తోట అయ్యాక కార్శి (నరికిన మోడు నుంచి చిగిర్చే పంట), కార్శి అయ్యాక మళ్లీ మొక్క. ఒకసారి చెరకులోకి దిగిన రైతు మూడేళ్లు ఫ్యాక్టరీతో ముడిపడిపోయినట్టే.

వీళ్లే ఓటర్లు కూడా.

ముప్ఫై మూడేళ్ల అభ్యర్థి

1955 ఫిబ్రవరి ఎన్నికలు ఆంధ్రలో మామూలు ఎన్నికలు కావు. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం పుట్టి ఏడాదిన్నర కూడా కాలేదు. మద్యనిషేధం మీద వచ్చిన అవిశ్వాసంలో ఒక్క ఓటు తేడాతో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం 1954 నవంబరులో పడిపోయింది. రాష్ట్రపతి పాలన వచ్చింది. అంతకు మూడేళ్ల ముందు, 1952 ఎన్నికల్లో, కోస్తా జిల్లాల్లో కమ్యూనిస్టులు కాంగ్రెస్‌తో సమానంగా సీట్లు గెలిచి ఢిల్లీ దాకా గుబులు పుట్టించారు. పశ్చిమగోదావరి వాళ్ల కోటల్లో ఒకటి. పాలేళ్లు, కౌలు రైతులు, చిన్న కమతాలవాళ్లు ఎర్రజెండా వెనక నడిచిన జిల్లా. ‘ఈసారి ప్రభుత్వం మాదే’ అని వాళ్లు గట్టిగా నమ్మారు. శ్రీశ్రీ వాళ్ల తరఫున ఊరూరా తిరిగి ప్రచారం చేశారు, ఆ హోరులోనే ఆరోగ్యం పాడుచేసుకున్నారు. ఎదురు పక్షాన కాంగ్రెస్ తన పాత తగాదాలన్నీ మూటగట్టి అటక మీద పెట్టి, ఎన్‌.జి. రంగాగారి కృషికార్ లోక్ పార్టీని, ప్రజా పార్టీని కలుపుకొంది.

ఫలితం ఏకపక్షం. 196 స్థానాల్లో ఈ ఐక్య కూటమికి 146, కమ్యూనిస్టులకు 15. ఓట్లలో చూస్తే కమ్యూనిస్టులకు వచ్చినవి దాదాపు మూడో వంతు. అంటే కూలీ, కౌలు రైతు ఎర్రజెండాను వదిలేయలేదు. ఎదుటివాళ్లు చీలకుండా నిలబడ్డారు, అంతే. ఆ గెలిచినవాళ్లలో తణుకు నుంచి హరిశ్చంద్రప్రసాద్ ఒకరు. అప్పటికి ముప్ఫై నాలుగు కూడా నిండలేదు.

కాంగ్రెస్ ఆయన్ని ఎందుకు ఎంచుకుందో ఊహించడం కష్టం కాదు. వర్గపోరు గురించి మాట్లాడేవాళ్ల మీదకు పాత జమీందారును నిలబెడితే వాళ్ల వాదనకు నెయ్యి పోసినట్టే. ఫ్యాక్టరీ పెట్టినవాడు వేరు. ‘పని ఇస్తున్నాడు, పంట కొంటున్నాడు, ఊరికి కరెంటు వెలుగు తెచ్చాడు’ అని చెప్పుకోవడానికి వీలుంటుంది. భూస్వామి బిడ్డ పారిశ్రామికవేత్తగా మారి ఖద్దరు కట్టడం ఆనాటి కోస్తా కాంగ్రెస్‌కు కలిసొచ్చిన కొత్త వేషం. వేషం అన్నానని తప్పుగా అనుకోవద్దు. వేసుకున్నవాళ్లలో కొందరు దాన్ని నిజంగానే మోశారు.

ఐదేళ్లకు గెలిచి, ఏడేళ్లు

ఆ గెలుపులో ఒక విచిత్రం ఉంది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. 1957లో దేశమంతా ఎన్నికలు వస్తే, మన రాష్ట్రంలో అసెంబ్లీ ఎన్నికలు తెలంగాణలోని 105 స్థానాలకు మాత్రమే జరిగాయి. ఆంధ్ర సభ్యులు రెండేళ్ల క్రితమే ఎన్నికయ్యారు కదా అని వాళ్లను అలాగే ఉంచేశారు. మళ్లీ వాళ్లు ఓటరు ముందుకెళ్లింది 1962లో. ఐదేళ్లకని ఓటు వేయించుకున్నవారు ఏడేళ్లు కూర్చున్నారు. తణుకు ఓటరు వేలికి 1955లో పెట్టిన సిరా, అసెంబ్లీ వరకు చూస్తే, ఏడేళ్లు చెరగలేదు. ఈ ఏడేళ్ల సభ్యత్వం గురించి మన రాజకీయ చరిత్రల్లో పెద్దగా చర్చ కనిపించదు. ఇప్పుడలా జరిగితే ఎన్ని రిట్లు పడేవో.

1962లో హరిశ్చంద్రప్రసాద్ మళ్లీ గెలిచారు. మొత్తం మీద ఆయన చూసిన ముఖ్యమంత్రులు: కర్నూలులో బెజవాడ గోపాలరెడ్డి, హైదరాబాదు వచ్చాక నీలం సంజీవరెడ్డి, తర్వాత దామోదరం సంజీవయ్య, మళ్లీ సంజీవరెడ్డి, 1964 నుంచి కాసు బ్రహ్మానందరెడ్డి. మొదట్లో సభకు వెళ్లాలంటే తణుకు మనిషికి కర్నూలు ప్రయాణం. నిడదవోలు-భీమవరం లైను రైలెక్కి, బెజవాడ చేరి, అక్కణ్నుంచి గుంటూరు మీదుగా మీటర్ గేజ్ బండిలో ఊగుతూ పోవాలి. రాజధాని హైదరాబాదుకు మారడం గోదావరి జిల్లాల సభ్యులకు మరేం చేసినా చేయకపోయినా నడుం నొప్పి తగ్గించింది.

ఆనాటి ఎమ్మెల్యే పని ఇప్పటిలాంటిది కాదు. నియోజకవర్గ అభివృద్ధి నిధి లేదు. సంక్షేమ పథకాల జాబితాలు లేవు. పొద్దున్నే ఇంటి అరుగు మీద రేషన్ కార్డులతో, ఇంటి పట్టాల దరఖాస్తులతో జనం కూర్చోవడం ఇంకా మొదలు కాలేదు. రోడ్డు వేయించాలన్నా, కాలువకు తూము పెట్టించాలన్నా ఇంజనీరు దగ్గర, మంత్రి దగ్గర కూర్చుని ఒప్పించాలి. 1959 నవంబరులో పంచాయతీ సమితులు వచ్చాక పరిస్థితి మారింది. బ్లాకు స్థాయిలో నిధులు, అధ్యక్షులు, ఓట్లు. ఎమ్మెల్యే కూడా సమితిలో సభ్యుడే. కానీ పైమాట సమితి అధ్యక్షుడిది. ఊళ్లో అసలు అధికారం అటు జరిగిపోయింది. సమితి అధ్యక్షుడికీ ఎమ్మెల్యేకీ పడకపోవడం అనే మన పాత జబ్బు పుట్టింది అప్పుడే.

అయితే మిల్లు యజమాని అయిన ఎమ్మెల్యేకు అసలు సంగతి సమితుల్లో లేదు. కంపెనీ నడవాలంటే అడుగడుగునా ప్రభుత్వం సంతకం కావాలి. 1951 పరిశ్రమల చట్టం కింద సామర్థ్యం పెంచుకోవాలన్నా ఢిల్లీ లైసెన్సు. కేంద్రం నిర్ణయించే కనీస చెరకు ధర. పంచదార తీయగా మిగిలే మడ్డి నుంచి స్పిరిట్ తీయాలంటే, మద్యనిషేధం అమల్లో ఉన్న ప్రాంతంలో, ఎక్సైజ్ వారి ప్రతి బొట్టు లెక్క. వీటన్నిటికీ తోడు 1961లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తానే ఒక చట్టం చేసింది: చెరకు సరఫరా, కొనుగోలు క్రమబద్ధీకరణ చట్టం. దీని కింద కేన్ కమిషనర్ ఒక్కో ఫ్యాక్టరీకి ఒక ప్రాంతాన్ని కేటాయిస్తారు. ఆ ప్రాంతపు రైతు ఆ ఫ్యాక్టరీకే చెరకు వేయాలి. ఫ్యాక్టరీ ఆ చెరకు కొని తీరాలి. ఏ ఊరు తణుకు పరిధిలోకి వస్తుంది, ఏది చాగల్లులోని జయపూర్ షుగర్స్ పరిధిలోకి పోతుంది అన్నది ప్రభుత్వ ఉత్తర్వు తేల్చే వ్యవహారమైంది.

ఆ చట్టం వచ్చినప్పుడు తణుకు సభ్యుడు తణుకు మిల్లు అధినేతే. ఆ చట్టం కట్టేసిన రెండు పక్షాల్లో ఒకటి ఆయన కంపెనీ. రెండోది ఆయన ఓటర్లు.

ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. అప్పుడు లేదు, ఇప్పుడూ లేదు. సొంత లాభం ఉన్న విషయం మీద సభ్యుడు లేచి తప్పుకునే సంప్రదాయం మన శాసనసభల్లో ఏనాడూ గట్టిగా వేళ్లూనుకోలేదు. పంచదార మిల్లులు, రైస్ మిల్లులు, సారా కాంట్రాక్టులు, సినిమా హాళ్లు, ఇంజనీరింగ్ కాలేజీలు ఏలినవాళ్లు ఎందరో ఆ వ్యాపారాలను నియంత్రించే చట్టాలకు చేతులెత్తారు. నాకు తట్టిన మాట చెప్తాను. హరిశ్చంద్రప్రసాద్‌కు రెండోసారి ఓటేసిన రైతు ఈ లెక్క తెలియక వేశాడనుకోవడం ఆ రైతును తక్కువ అంచనా వేయడమే. పర్మిట్ ఆలస్యమైతే ఎవరింటికి వెళ్లాలో అతనికి తెలుసు. మిల్లు మేనేజరు చేతిలో కాని పని ఎమ్మెల్యే గారి చేతిలో అవుతుంది. ఇక్కడ ఇద్దరూ ఒకరే. దూరం లేని అధికారం రైతుకు ఒక రకమైన సౌకర్యం. కాని అదే రైతుకు, ధర తక్కువని గొంతు పెంచాల్సి వచ్చిన రోజున, ఆ గొంతును అసెంబ్లీకి మోసుకెళ్లడానికి ఎవరూ మిగలరు. సౌకర్యం, నష్టం రెండూ ఒకే గుమ్మంలో ఉన్నాయి.

ఆస్పత్రి, కాలేజీ, రాకెట్టు

1967తో అసెంబ్లీ అధ్యాయం ముగిసింది. అదే ఏడాది కేంద్రం పంచదార మీద నియంత్రణను కొంత సడలించింది. మిల్లు ఉత్పత్తిలో కొంత భాగం ప్రభుత్వానికి లెవీగా ఇస్తే మిగిలింది బయట అమ్ముకోవచ్చు. ఆంధ్రా షుగర్స్ పంచదారతో ఆగే కంపెనీ కాదని అప్పటికే తేలిపోయింది.

మామూలు లెక్కలో వంద టన్నుల చెరకు నలిపితే పది టన్నుల అటూ ఇటూ పంచదార, ముప్ఫై టన్నుల దాకా పిప్పి, నాలుగు టన్నుల మడ్డి వస్తాయి. పిప్పి బాయిలర్‌లోకి పోతుంది. జిగురుగా, నల్లగా, ముక్కుపుటాలదిరే వాసనతో ఉండే మడ్డిని చాలా మిల్లులు ఎలా వదిలించుకోవాలా అని చూసేవి. తణుకు మిల్లు దాన్ని మెట్లుగా మలిచింది. మడ్డిని పులియబెడితే ఆల్కహాల్. ఆల్కహాల్ నుంచి ఎసిటాల్డిహైడ్, దాన్నుంచి ఎసిటిక్ ఆమ్లం, దాన్నుంచి ఎసిటిక్ అన్‌హైడ్రైడ్. దానికి సాలిసిలిక్ ఆమ్లం తగిలిస్తే ఆస్పిరిన్. తలనొప్పికి వేసుకునే బిళ్లకూ ఏ ఉండ్రాజవరం రైతు తోటలోని గడకూ ఇంత చుట్టరికం ఉందని ఆ రైతుకు తెలిసి ఉండకపోవచ్చు. మరో వైపు కొవ్వూరులో, గోదావరి ఒడ్డున, ఉప్పు నుంచి కాస్టిక్ సోడా, క్లోరిన్. ఆ రసాయనాల అనుభవం కంపెనీని ఇస్రో దాకా తీసుకెళ్లింది. రాకెట్లలో వాడే ద్రవ ఇంధనం యూడీఎంహెచ్‌ను ఆంధ్రా షుగర్స్ తయారు చేసి ఇవ్వడం మొదలుపెట్టింది. పీఎస్ఎల్వీ రెండో దశలోని వికాస్ ఇంజన్ మండేది ఆ రకపు ఇంధనంతోనే. 2008 అక్టోబరు 22న చంద్రయాన్-1ను మోసుకుపోయింది కూడా పీఎస్ఎల్వీయే. అప్పటికి హరిశ్చంద్రప్రసాద్‌కు ఎనభై ఏడేళ్లు.

వస్త్రాల మిల్లు అక్కమాంబ టెక్స్‌టైల్స్, విశాఖపట్నంలో ఆంధ్రా పెట్రోకెమికల్స్, గుంటూరులో నూనెలు... వీటి జాబితా ఇక్కడ అవసరం లేదు. తణుకువాళ్లకు ముఖ్యమైనవి రెండు: తల్లి పేర పెట్టిన ముళ్లపూడి వెంకటరమణమ్మ స్మారక ఆస్పత్రి, ముళ్లపూడి వెంకటరాయ స్మారక పాలిటెక్నిక్. ఆ పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి ఎక్కడో గల్ఫ్ రిఫైనరీలోనో, హైదరాబాదు ఫ్యాక్టరీలోనో స్థిరపడ్డ మనిషి లేని వీధి తణుకు చుట్టుపక్కల వెతకాలి. ఆ రెండూ ఎమ్మెల్యేగా చేయించినవి కావు. ప్రభుత్వం సొమ్ము కాదు. ఆయన్ని ఎమ్మెల్యేగా ఎవరూ గుర్తుపెట్టుకోకపోవడానికి ఇదొక కారణం: చేసినదాని మీద ప్రభుత్వ ముద్ర లేదు.

పక్కదారి మాట ఒకటి. 1921లో అదే వారంలో, నాలుగు రోజుల తేడాతో, ఆగస్టు 1న, తణుకు పక్కనే మండపాకలో మరో పిల్లవాడు పుట్టాడు. దేవరకొండ బాలగంగాధర తిలక్. ఇద్దరూ కాస్త కలిగిన ఇళ్ల బిడ్డలే, ఇద్దరూ తణుకు చుట్టూనే బతికారు. ఒకరు చెరకును ఆమ్లంగా, ఇంధనంగా మార్చే పనిలో పడితే, మరొకరు ‘నల్లజర్ల రోడ్డు’ అని కథ రాశారు. తిలక్ 1966 జూలై 1న, నలభై అయిదు నిండకుండానే పోయారు. ఆ రోజుకు ఆయన ఎమ్మెల్యే హరిశ్చంద్రప్రసాదే. ‘అమృతం కురిసిన రాత్రి’ అచ్చయింది కవి పోయాకనే, 1968లో. తణుకు గురించి రాసేవాళ్లు వీళ్లిద్దరినీ వేరువేరు వ్యాసాల్లో పెడతారు. ఒక ఊరికి ఒకే వారంలో ఇద్దరు ఇలా దక్కడం ఎంత అరుదో మరిచిపోతారు.

హరిశ్చంద్రప్రసాద్ 2011 సెప్టెంబరు 3న, తొంభై ఏళ్లు నిండాక కన్నుమూశారు.

ఆ కుర్చీ ఇప్పుడు

తణుకు సీటు తర్వాత చాలా చేతులు మారింది. తెలుగుదేశం వచ్చాక అదే ఇంటిపేరున్న ముళ్లపూడి వెంకటకృష్ణారావు గెలిచారు. 1999లో వై.టి. రాజా, 2004లో కాంగ్రెస్ తరఫున చిట్టూరి బాపినీడు. 2009లో కాంగ్రెస్ నుంచి, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి కారుమూరి వెంకటనాగేశ్వరరావు. ఆయన 2022లో పౌర సరఫరాల మంత్రి అయ్యారు. 2014లోనూ 2024లోనూ తెలుగుదేశం తరఫున ఆరిమిల్లి రాధాకృష్ణ. ఇప్పటి ఓటరు ఎమ్మెల్యేను అడిగేవి పింఛను, ఇంటి స్థలం, బదిలీ, ధాన్యం డబ్బులు ఎప్పుడు పడతాయన్నది. చెరకు పర్మిట్ గురించి అడిగేవాళ్లు బాగా తగ్గారు. కోత కూలి పెరిగి, ధర ఆ వేగంతో పెరగక, పశ్చిమగోదావరి రైతు చెరకు నుంచి జరిగిపోయాడు. భీమడోలులో సహకార రంగంలో పెట్టిన పంచదార ఫ్యాక్టరీ కూడా చివరికి ఆంధ్రా షుగర్స్ చేతికే వచ్చింది.

మిల్లు పాతబడింది గాని, ప్రశ్న పాతబడలేదు. భీమడోలు దాటి కొల్లేరు వైపు దిగితే అది చెరువు గట్టెక్కి కనిపిస్తుంది. రొయ్య కూడా చెరకు లాంటిదే. పట్టాక ఆగదు. కిలోకు ఎన్ని తూగుతాయో ఆ కౌంటును బట్టి ధర, ఆ ధర చెప్పేది కొనేవాడు. సీడు, మేత, ఐసు, ఎగుమతి వ్యాపారాల్లో ఉన్నవాళ్లూ వాళ్ల బంధువులూ పార్టీలకు అతీతంగా ఈ జిల్లాల రాజకీయాల్లో ఉన్నారు. ఆ చెరువులకు చోటు దొరికేలా, కొల్లేరు అభయారణ్యం హద్దును ఐదో కాంటూరు (ఎత్తును సూచించే గీత) నుంచి మూడో కాంటూరుకు కుదించాలని 2008లో శాసనసభ తీర్మానం చేసింది. ఏ పార్టీ అడ్డు చెప్పలేదు. తీర్మానం ఏకగ్రీవం.